సగం గీకిన మాట

లానక్ ఓడ వెల్లింగ్టన్ రేవులో కట్టేసి ఉన్నప్పుడు ఆ కుళాయి నీళ్ళు నేను దోసిలి పట్టి తాగి చూశాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. పిల్లవాడి నోట్లోకి వెళ్ళే నీళ్ళు కదా, చూడకుండా ఎలా ఉంటాను? అలా చూసి నమ్మడమే నా కొంప ముంచింది.

అది 1944 డిసెంబరు. మా రాయిస్‌కి అయిదో నెల. వాళ్ళ నాన్న డెల్ అమెరికా మెరీన్ సైనికుడు. మా ఊరి దగ్గర గుడారాల్లో ఉన్నప్పుడు పెళ్ళాడి, తరావా దీవి యుద్ధానికి వెళ్ళాడు. ఆ తరవాత సైపాన్‌లో కాలు పోగొట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో పడి ఉన్నాడు. కొడుకుని ఫొటోలో కూడా సరిగ్గా చూడలేదు. ఫొటోలో వీడు కళ్ళు మూసుకున్నాడు.

లానక్ సైనికుల్ని మోసే ఓడ. మరమ్మతు కోసం అమెరికా తిరిగి వెళ్తోంది. ఎలాగూ ఖాళీగా వెళ్తోంది కదా అని అమెరికా సైనికుల్ని చేసుకున్న మా ఆడవాళ్ళనీ, పిల్లల్నీ అందులో ఎక్కించారు. సైనికులు పడుకునే అడుగు గదే మాకూ ఇచ్చారు. ఇనుప గొట్టాలకి కేన్వాసు బిగించి, ఒకదాని మీద ఒకటి నాలుగేసి పడకలు. గోడలకి అప్పుడే వెన్న రంగు వేశారు. ఆ వాసనకి పిల్లలు తుమ్ముతూనే ఉన్నారు.

నా కింది పడక మెర్ల్‌ది. పెళ్ళికి ముందు ట్రాములో టిక్కెట్లు కొట్టేది. గొంతు ఇంకా ట్రాములోనే ఉన్నట్టుండేది.

"ఏమే నోలీన్, ఈ రంగు ఎందుకేశారో తెలుసా?" అంది ఎక్కిన రోజే, కూతురు బెవర్లీకి పాలిస్తూ. "సైనికులు గోడల నిండా గుడ్డల్లేని ఆడవాళ్ళ బొమ్మలు గీశారట. మనం చూస్తే మూర్ఛపోతామని కెప్టెన్‌గారికి బెంగట!"

"పోనీలే, మంచిదేగా."

"మంచిదే! మరి ఈ పిల్లలు మనకి పోస్టులో వచ్చారనుకున్నాడేమో."

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో రెడ్‌క్రాస్ తరఫున మమ్మల్ని చూసుకునే మిస్ ప్రూయిట్ వచ్చింది. ఇస్త్రీ మడత నలగని మనిషి.

"అందరూ వినండమ్మా. ఏ బిడ్డకైనా విరేచనాలు పట్టుకుంటే వెంటనే నాకు చెప్పాలి. ఇంత ఇరుకులో అది అందరికీ అంటుకుంటుంది. అలాంటి బిడ్డని విడిగా ఉంచుతాం, తల్లికి కూడా లోపలికి ప్రవేశం లేదు. హోనలూలూ రాగానే తల్లినీ బిడ్డనీ దింపేస్తాం. తరవాతి ఓడ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. ఇది యుద్ధం."

నేను రాయిస్ పొట్ట మీద చెయ్యి వేసి చూసుకున్నాను. మెత్తగా, వెచ్చగా ఉంది.

నాకు పాలు మూడో నెలలోనే ఇంకిపోయాయి. సీసా పాలే వాడికి ఆధారం. ఓడ వంటింటి నుంచి సీసాలు వచ్చేవి గానీ చెయ్యి కాలేంత వేడిగా, చిక్కగా వచ్చేవి. వాడు ఆగడు. తాగే నీళ్ళకని పెట్టిన కుళాయి తలుపవతల నడవలో ఉంది, అక్కడెప్పుడూ పెద్ద వరస. నా పడక పక్కనే, నిచ్చెన వెనక, ఎవరూ పట్టించుకోని ఇత్తడి కుళాయి ఒకటి ఉంది. రేవులో ఉండగా నేను రుచి చూసింది దాన్నే. సీసాలో రెండు వేళ్ళ మేర ఆ నీళ్ళు పోసి, మణికట్టు మీద చుక్క వేసుకుని, గోరువెచ్చగా ఉందనుకున్నాక పట్టేదాన్ని. మా అమ్మ అలాగే చేసేది.

ఓడ బయల్దేరింది. ఊరు కనుమరుగయ్యేదాకా అందరం పైడెక్కు మీద నిలబడి ఏడ్చాం. డెక్కు మేస్త్రీ స్టబ్స్ మా మధ్యలోంచి తాళ్ళు లాక్కుంటూ, "జరగండి మేడమ్, ఏడుపు ఎడమ పక్క, తాళ్ళు కుడి పక్క" అంటూ తిరిగాడు. ముఖమంతా ఎండకి పగిలిన మనిషి. అమెరికాలోని ఆర్కన్సా నుంచి వచ్చాడట. ఈ ఓడ నీళ్ళలోకి దిగిన రోజు నుంచీ దీన్ని వదల్లేదట.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పడవల పక్కన తాడు పేనుతూ కూర్చుంటే పిల్లల్ని ఎత్తుకుని చుట్టూ చేరాం.

"మొదట్లో ఇది అరటిపళ్ళు మోసేది. నేవీ వాళ్ళు కొని, పళ్ళ బదులు మనుషుల్ని నింపారు" అన్నాడు.

"తేడా ఏముంది, రెండూ పచ్చిగానే ఎక్కుతాయి" అంది మెర్ల్.

స్టబ్స్ నవ్వాడు గానీ చేతిలో తాడు ఆగింది. "నిజమే మేడమ్. గ్వాదల్‌కెనాల్‌కి మోశాం. కిందటేడు మీ రేవులోనే ఎక్కించుకుని తరావాకి మోశాం. వల నిచ్చెనల మీంచి పడవల్లోకి దిగేవాళ్ళు, ఆ పడవల్ని మేం ఒడ్డుకి తోలేవాళ్ళం. తరావాలో పడవలు పగడపు దిబ్బ మీద ఆగిపోయాయి. కుర్రాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో నడిచారు. సాయంత్రం అవే పడవల్లో గాయపడ్డవాళ్ళని తెచ్చుకున్నాం. భోజనాల బల్లల మీద ఆపరేషన్లు చేశారు. మీరు పొద్దున బీన్స్ తిన్న బల్లలే." మా ముఖాలు చూసి, "కడిగాంలెండి" అన్నాడు.

"మా ఆయన తరావాకి ఈ ఓడలోనే వెళ్ళాడా?" అని అడిగాను.

"పేరు?"

"డెల్ హాకిన్‌స్మిత్."

"చాలామంది మేడమ్. నాకు ముఖాలు గుర్తుంటాయి, పేర్లు ఉండవు. వాళ్ళ పేర్లన్నీ కింద గోడల మీద చెక్కుకున్నారు. మొన్న నేనే రంగు కొట్టాను." తల దించుకుని మళ్ళీ తాడు పట్టుకున్నాడు. "గోడ మీద ఒక్క అక్షరం కనపడకూడదన్నారు. బొమ్మలు వేరు, పేర్లు వేరు అని నేను విడదియ్యలేదు. అన్నిటి మీదా కొట్టేశాను."

అంతే, ఆ సాయంత్రం నుంచి మా గదిలో గీకుడు మొదలైంది. తలపిన్నులు, దువ్వెన పళ్ళు, ఏది దొరికితే అది. రంగు ఇంకా పచ్చిదే, పొరలు పొరలుగా లేచొచ్చేది. మెర్ల్ పడక పక్కన ముగ్గురు సైనికులు వేరువేరు చేతిరాతల్లో "డల్సీ" అని రాసుకున్నారు.

"మా ఊళ్ళో డల్సీ ఒక్కతేనే ఉందే!" అని పొట్ట పట్టుకుంది మెర్ల్. "పాపం, ముగ్గురూ ఒకే గదిలో పడుకున్నారు, ఒకడి సంగతి ఒకడికి తెలీకుండా!"

నేను నా పడక చుట్టూ గీకాను. చదువు నాకు పదమూడో ఏట ఆగిపోయింది, అమ్మకి జబ్బు చేసి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. డెల్ పేరు దొరకలేదు. నిచ్చెన వెనక కుళాయి పైన వెతికాను. అక్కడ చెక్కిన రాత కాదు, అచ్చు పెట్టి వేసిన పెద్ద నల్లక్షరాలు. ఎడమ పక్క నిచ్చెన అడ్డం కాబట్టి కుడి వైపు నుంచి గీకుతూ వచ్చాను. "నీళ్ళు" అన్న మాట బయటపడింది. దానికి ముందు ఇంకేదో ఉన్నట్టుంది.

"ఏం చేస్తున్నారు మీరంతా!" మిస్ ప్రూయిట్ గుమ్మంలో నిలబడి ఉంది. "ప్రభుత్వం వారి ఓడ ఇది! పిన్నులు లోపల పెట్టండి."

పెట్టేశాను. నాకు కావలసింది తెలిసింది కదా. నీళ్ళని రాసే ఉంది.

*

మూడో రోజుకి వాడు పాలు తాగి కక్కాడు. ఆ తరవాత విరేచనం. పిల్లలన్నాక ఓడ పడకపోవడం ఉంటుందిలే అనుకున్నాను. మర్నాటికి ఆగలేదు. పొట్ట చెడితే పాలు పలచన చెయ్యాలని మా అమ్మ చెప్పేది. రెండు వేళ్ళ నీళ్ళు నాలుగు వేళ్ళు చేశాను. వాడు ముఖం తిప్పుకునేవాడు, ఏడ్చేవాడు, మళ్ళీ దాహానికి తట్టుకోలేక గబగబా లాగేవాడు. తాగిన కొద్దీ ఇంకా కావాలనేవాడు. చూశావా, వాడికి ఆకలి ఉంది, ఆకలి ఉన్న పిల్లాడికి ఏం కాదు, అని నాకు నేనే చెప్పుకున్నాను.

గుడ్డలు ఎవరికీ కనపడకుండా ఆ కుళాయి కిందే ఉతికేదాన్ని. ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు.

"నీ సబ్బు కూడా ఇంతేనా?" అంది మెర్ల్, స్నానాల గది నుంచి వస్తూ. "అమెరికా సబ్బు అమెరికా మొగుళ్ళలాంటిదే. మాటలే గానీ నురగ లేదు." తరవాత నా చేతిలో గుడ్డ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఎన్నోదే ఇది?"

"ఒకటే."

"నాతో అబద్ధాలాడకు. ఏదీ, వాణ్ణిలా చూపించు." నేను అడ్డుపడేలోపే పైకెక్కి వాడి టోపీ తీసింది. "దేవుడా. మాడు చూశావా, గుంట పడింది! పెదాలు చూడు. ఒసే, ప్రూయిట్‌తో చెప్పు."

"చెప్తే వాణ్ణి నా దగ్గర్నుంచి తీసుకుపోతారు. హోనలూలూలో దింపేస్తారు. అక్కడ మాకెవరున్నారు? డెల్ ఒంటికాలితో నా కోసం చూస్తున్నాడు మెర్ల్."

"డెల్‌కి ఒక కాలుంది. వీడికి..." అని ఆగిపోయింది. "పోనీ ఇటివ్వు, నా పాలు పడతాను. బెవర్లీకి పోగా ఇంకో ముగ్గురికి సరిపోతాయి."

నా ముఖం మండిపోయింది. నా రొమ్ములో చుక్క లేదని గది అంతా వినేలా అన్నట్టనిపించింది. "నా బిడ్డకి నేను పట్టుకోగలను. నువ్వు నోరు మూసుకుంటే చాలు. ప్రూయిట్‌తో అన్నావంటే జన్మలో నీ ముఖం చూడను."

"చూడకు. అద్దంలో నీ ముఖం చూసుకో" అని దిగిపోయింది. ఆ రోజంతా ఆ ట్రాము గొంతు నాకు వినపడలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనాలు కాగానే అలారం మోగింది. అది అలవాటు కోసం మోగించే ఉత్తుత్తి గంట కాదని మొదటి నిమిషంలోనే తెలిసింది. పైన బూట్లు పరుగెత్తే చప్పుడు. స్టబ్స్ గుమ్మంలోకి వచ్చాడు, ముఖంలో ఏ వేళాకోళమూ లేదు.

"అందరూ రక్షణ కోట్లు వేసుకోండి. పిల్లలకి కూడా కట్టండి. ఎవరి పడక దగ్గర వాళ్ళు నేల మీద కూర్చోండి."

"ఏమిటండీ? జలాంతర్గామా?"

"మనకి కాపలాగా వస్తున్న చిన్న ఓడకి నీళ్ళ కింద ఏదో వినిపించిందట. తిమింగలం కూడా కావచ్చు. ఏదైనా సరే వాళ్ళు నీళ్ళలో బాంబులు వేస్తారు, ఆ దెబ్బలు వినిపిస్తాయి. గంట మోగేదాకా ఈ తలుపు తెరుచుకోదు. తట్టినా తెరవరు. ఓడకి చిల్లు పడితే నీళ్ళు ఒక్క గదితో ఆగాలి. అందుకు."

ఆ ఒక్క గది మాదైతే, అని ఎవరూ అడగలేదు. ఇనుప తలుపు మూసుకుంది. దాని చుట్టూ ఉన్న పిడులు ఒకటొకటిగా బిగుసుకోవడం విన్నాం.

ఓడ ఒక పక్కకి ఒరిగి తిరిగింది. పడకల గొలుసులు అన్నీ ఒక్కసారే గలగలమన్నాయి. దూరంగా నీళ్ళలో ఒక దెబ్బ. తరవాత ఇంకొకటి. గోడకి ఆనించిన నా వీపులోకి వచ్చింది ఆ దెబ్బ. ఎవరో ప్రభువు ప్రార్థన మొదలుపెట్టారు, సగంలో మర్చిపోయారు. వేరెవరో అందించారు.

రాయిస్ ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. అంత చప్పుడుకి అందరి పిల్లలూ గుక్కపెడుతుంటే వీడు నా ఒళ్ళో కళ్ళు సగం తెరిచి, వేడి వేడిగా పడి ఉన్నాడు. గుడ్డ పొద్దుటి నుంచీ తడవలేదు. పొద్దున కాస్త ఏడ్చినప్పుడు కూడా కళ్ళలో నీళ్ళు రాలేదు. సీసాలో మిగిలిన పాలలో కుళాయి నీళ్ళు పోసి నోటి దగ్గర పెట్టాను. నాలుక తగిలించి, ముఖం ముడుచుకుని, తల పక్కకి వాల్చేశాడు.

తలుపు మూసి ఉంది. చెప్పుకుందామన్నా ఎవరితో చెప్పాలి? ఇన్నాళ్ళూ చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెప్పడానికి మనిషే లేరు.

మళ్ళీ దెబ్బ. ఈసారి దగ్గరలో. దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. పైన ఎండిన రంగు పెచ్చులు నా జుట్టులో రాలాయి. చేతులు ఊరుకోవడం లేదు నాకు. తలలోంచి పిన్ను తీసి, ఏం చేస్తున్నానో తెలియకుండానే గోడ గీకడం మొదలుపెట్టాను. నేల మీద కూర్చున్నాను కాబట్టి నిచ్చెన అడ్డం లేదు. నా తలపైనే "నీళ్ళు" ఉంది. దానికి ఎడమ పక్కన గీకాను. ఒక అక్షరం. ఇంకొకటి. కూడబలుక్కున్నాను. నమ్మక మళ్ళీ కూడబలుక్కున్నాను.

ఉప్పు నీళ్ళు.

కుళాయి తిప్పి అరచేతిలో పట్టుకుని నోట్లో పోసుకున్నాను. సముద్రం. అచ్చంగా సముద్రం. గొంతు దిగక ఉమ్మేశాను. సీసా మూత తీసి పాలు నాలిక్కి రాసుకున్నాను. అదీ అంతే. మణికట్టు మీద వేసుకున్న ప్రతి చుక్కా గుర్తొచ్చింది. వేడి చూశాను, చల్లదనం చూశాను. ఒక్కసారి నాలిక్కి రాసుకుని ఉంటే!

వాణ్ణి రొమ్ముకి అదుముకుని పాకుతూ మెర్ల్ పక్కకి వెళ్ళాను.

"మెర్ల్." ఆమె చెయ్యి పట్టుకున్నాను. "మెర్ల్, నేను వాడికి సముద్రం నీళ్ళు పట్టాను. ఇన్ని రోజులూ. కుళాయిలో... అది ఉప్పు నీళ్ళట. నేనే పట్టాను."

ఆమె నా వైపు చూసింది, నిచ్చెన వెనక గోడ వైపు చూసింది. బెవర్లీని పక్కావిడ చేతుల్లో పెట్టి, రక్షణ కోటు తాళ్ళు తెంపినట్టు లాగేసి, జాకెట్టు గుండీలు విప్పింది.

"తిట్లు తరవాత తింటువుగాని. ముందు వాణ్ణిలా తే."

వాడికి పట్టుకునే ఓపిక లేదు. నోరు జారిపోతోంది. మెర్ల్ చేత్తో పిండి చుక్క చుక్కగా పెదాల మధ్య వేసింది. చుక్క పక్కకి కారిపోయింది. ఇంకో చుక్క. "మింగరా నాయనా. మీ అమ్మ మీద కోపం నా మీద చూపించకురా. మింగు." బయట మళ్ళీ దెబ్బ పడింది, ఎవరో కెవ్వుమన్నారు, మా ఇద్దరికీ పట్టలేదు. వాడి గొంతు మీద నా వేలు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఆ వేలి కింద చిన్నగా కదిలింది. మింగాడు.

"ఇంకోటి" అంది మెర్ల్. వాడికో, నాకో, తనకో.

ఓడ తిన్నగా తిరిగి, యంత్రాల చప్పుడు పాత వరసలో పడి, గంట మోగేదాకా అలా పోస్తూనే ఉంది. తలుపు పిడులు విడిపోతుంటేనే నేను వాణ్ణెత్తుకుని లేచాను. స్టబ్స్ తలుపు పూర్తిగా తియ్యకముందే సందులోంచి దూరాను.

"మేడమ్, ఇంకా..."

"డాక్టరెక్కడ?"

నా ముఖం చూసి ఇంకేం అడగలేదు. ముందు తను పరుగెత్తాడు.

డాక్టరు బల్ల మీద పడుకోబెట్టి వాడి పొట్ట చర్మం చిటికెతో పట్టి వదిలాడు. అది అలాగే ముడతపడి నిలబడింది. ఆయన అడగకుండానే నేను అన్నీ చెప్పేశాను. విరేచనాలు, దాచిన గుడ్డలు, కుళాయి, సీసా. వెనకే వచ్చిన మిస్ ప్రూయిట్ అంతా విన్నది.

"నేను మొదటి రోజే చెప్పాను డాక్టర్. ఈ బిడ్డని వేరుగా పెట్టాలి. తల్లి బయటికి వెళ్ళాలి. హోనలూలూకి కబురు..."

"దాహం అంటుకోదు మిస్ ప్రూయిట్" అన్నాడు డాక్టరు, సూది తీస్తూ. "కుర్చీ ఒకటి తెప్పించండి. ఈమె ఇక్కడే కూర్చుంటుంది. పాలిచ్చినావిడ ఎవరో ఆమెని కూడా పిలవండి." తరవాత నా వైపు తిరిగాడు. గొంతులో జాలీ లేదు, కోపమూ లేదు. "బతుకుతాడని ఇప్పుడు చెప్పనమ్మా. నీళ్ళు మెల్లగా ఎక్కించాలి, తొందరపడితే అదీ ప్రమాదమే. గుడ్డ తడిపితే నన్ను లేపు. ఏ వేళైనా సరే."

తొడ చర్మం కింద సూది పెట్టారు. అక్కడ నిమ్మకాయంత ఉబ్బి, మెల్లగా తగ్గేది. మెర్ల్ వచ్చేది, పాలు పిండేది, చెంచాతో పోసేది, వెళ్ళేది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. నేను వాడి గుడ్డలో చెయ్యి పెట్టి చూడడమే పని. పొడి. మళ్ళీ పొడి. గుండ్రటి కిటికీలో వెలుతురు పోయింది, వచ్చింది.

ఆ పొద్దున కునుకు పట్టినట్టుంది. ఒళ్ళో వెచ్చగా తగిలి మెలకువొచ్చింది. గౌను తడిసింది, నా మోకాలి మీంచి కారి నేల మీద చుక్కలు పడుతున్నాయి. డాక్టర్ని లేపడానికి నేనేం అరిచానో తెలీదు గానీ వంటింట్లోంచి కూడా మనుషులొచ్చారు. రాయిస్ నన్ను చూసి పెదవి విరిచి ఏడ్చాడు. కంట్లో నీళ్ళున్నాయి.

"ప్రభుత్వం వారి ఓడ తడిపాడు" అంది మెర్ల్, గుమ్మంలో నిలబడి. "ప్రూయిట్‌కి చెప్పాలి." అంటూనే గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది.

హోనలూలూలో ఓడ ఒక పూట ఆగింది. దిగేవాళ్ళ పేర్లు పిలిచారు. మా పేరు రాలేదు.

మళ్ళీ బయల్దేరాక స్టబ్స్ మా గదికి వచ్చాడు. ఒక చేతిలో నల్ల రంగు డబ్బా, చంకలో అచ్చు రేకు. టోపీ తీసి నిలబడ్డాడు.

"రేవులో సముద్రం మురికి మేడమ్. అందుకని గది కడిగే ఆ గొట్టంలోకి ఊరి నీళ్ళు పెడతాం. బయటికొచ్చాక సముద్రమే. తరావాకి పోయేటప్పుడు ఒక కుర్రాడు అది తాగి కక్కుకున్నాడు. అప్పుడు నేనే ఈ అక్షరాలు వేశాను. మళ్ళీ నేనే..." డబ్బా కింద పెట్టాడు. "ఒక్క అక్షరం కనపడకూడదన్నారు. అది ఏ మాటో చూడకుండా బ్రష్షు నడిపించాను."

క్షమించానని అనడానికి నాకు నోరు రాలేదు. నేనూ సగమే చూశాను కదా, అనడానికీ రాలేదు. రాయిస్‌ని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"పెద్దగా రాయండి. నిచ్చెనకి ఇవతల రాయండి. కింద ఇంకోసారి రాయండి, నేల మీద కూర్చున్నవాళ్ళకి కూడా కనపడాలి."

ఆయన అచ్చు రేకు ఆనించబోయి ఆగాడు. నేను గీకిన చోట, నల్లక్షరాల కింద, సైనికుడెవరో పిన్నుతోనో కత్తితోనో చెక్కిన సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. ఆ రోజు నా కంట పడలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాను.

"కాఫీ కూడా."

మెర్ల్ ఫక్కున నవ్వింది. స్టబ్స్ నవ్వలేదు. ఆ చేతిరాత వైపు చాలాసేపు చూశాడు. తరవాత రేకుని రెండంగుళాలు పైకి జరిపి, ఆ రెండు మాటల మీద చుక్క రంగు పడకుండా, పైనా కిందా రాసుకుంటూ పోయాడు.